సీజన్ పనికి వచ్చిన కొత్తవాళ్ళకు చేపల పని మూడు రోజుల్లో నేర్పడం ఎలా?

"వచ్చే వారం సరుకు దిగుతుంది. వచ్చినవాళ్ళలో సగం మందికి కత్తి పట్టడం కూడా తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?" సీజన్ దగ్గర పడేసరికి చేపల షెడ్లు నడిపేవాళ్ళు, సూపర్‌వైజర్లు అడిగే ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

చేపల సీజన్ ఎవరి కోసమూ ఆగదు. అలాస్కాలోని బ్రిస్టల్ బేకు సాకై సాల్మన్ అనే చేప జూలై మొదట్లో పోటెత్తుతుంది, కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది. నార్వేలో లొఫోటెన్ దీవుల దగ్గర కాడ్ చేపల వేట జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతుంది. ఏ తీరమైనా నేర్పడానికి దొరికేవి చేపలు రాకముందు రోజులే. సరుకు దిగాక నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. కొత్తవాళ్ళు పక్కవాళ్ళను చూసి చేసేస్తారు. ఆ పక్కవాళ్ళు కూడా కొత్తవాళ్ళే అయితే ఒకరి తప్పు సాయంత్రానికి బల్ల మొత్తానికి అలవాటైపోతుంది.

మూడు రోజుల్లో వేగం రాదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. ప్రమాదం లేకుండా మసలడం, చేతుల శుభ్రం, ఐసు వేయడం, ఏదో ఒక్క పని సరిగ్గా చేయడం మాత్రం వస్తాయి. ఆ నాలుగూ వస్తే వేగం పనిలో పడ్డాక అదే వస్తుంది.

ముందే సిద్ధం చేసుకోవలసినవి

- శిక్షణ కోసం కొన్ని క్రేట్ల చేపలు. తక్కువ ధర చేపలైనా పర్వాలేదు గానీ, సీజన్‌లో కోయబోయే రకానికి ఆకారంలో దగ్గరగా ఉండాలి.
- చేయి తిరిగిన పనివాళ్ళు, నలుగురైదుగురు కొత్తవాళ్ళకు ఒకరు చొప్పున. అందరికంటే వేగంగా కోసేవాళ్ళే బాగా నేర్పుతారని అనుకోకండి. అడిగిందే మళ్ళీ అడిగినా విసుక్కోనివాళ్ళను ఎంచుకోండి. ఆ రోజుల్లో ఇన్ని కిలోలు కోయాలనే లెక్క వాళ్ళకు పెట్టకండి.
- గంబూట్లు, ఏప్రాన్లు, గ్లౌజులు, కోత తగలని గ్లౌజులు, అన్నీ రెండు మూడు సైజుల్లో. ఒకే సైజు తెప్పించడం చాలా చోట్ల జరిగే పొరపాటు. చిన్న చేతికి వదులు గ్లౌజు తొడిగితే కత్తి పట్టు జారుతుంది.
- మొన ఉన్న థర్మామీటర్లు, తూకం, క్లోరిన్ మోతాదు చూసే పేపర్ పట్టీలు.
- నీలం రంగు ప్లాస్టర్లతో ఫస్ట్ ఎయిడ్ పెట్టె. నీలం ఎందుకంటే చేప మాంసంలో ఆ రంగు ఉండదు, ఊడి పడినా వెంటనే కనిపిస్తుంది.
- ఒక నోటు పుస్తకం. పేరు, నేర్పిన పని, స్వయంగా చేసి చూపించారా లేదా, తేదీ. ఇంతకు మించి గడులు గీయకండి, పెద్ద ఫారాలు సీజన్ మొదలైన మర్నాటి నుంచి ఎవరూ నింపరు.

1. ముందు కాగితాలు, తర్వాత కత్తి

కూలీ ఎంత, ఓవర్‌టైం ఎంత, బస ఎక్కడ, సరుకు రాని రోజు డబ్బు ఇస్తారా, తిరుగు ప్రయాణం ఎవరి ఖర్చు. ఇవన్నీ పనివాళ్ళకు తెలిసిన భాషలో రాసి, చదవలేని వాళ్ళకు చదివి వినిపించి, ఒక కాపీ వాళ్ళ చేతికి ఇవ్వండి. వయసు రుజువు చూడండి. పని ఇప్పించినందుకు మధ్యవర్తి వాళ్ళ దగ్గర డబ్బు తీసుకున్నాడేమో అడగండి. అప్పు చేసి వచ్చినవాళ్ళు గాయమైనా దాస్తారు, జ్వరంతోనూ బల్ల దగ్గర నిలబడతారు.

పడవ ఎక్కేవాళ్ళ విషయంలో అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో చేసిన 188వ ఒప్పందం మంచి కొలబద్ద. అది 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. కనీస వయసు సాధారణంగా 16 ఏళ్ళు, రాతపూర్వక ఒప్పందం, వైద్య ధ్రువపత్రం, పని ఇప్పించినందుకు కార్మికుడి నుంచి రుసుము తీసుకోకపోవడం అందులో ఉన్నాయి. మూడు రోజులకు మించి సముద్రంలో ఉండే పడవల్లో 24 గంటల్లో కనీసం 10 గంటలు, ఏడు రోజుల్లో కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలంటుంది. షెడ్డు పనికి అది నేరుగా వర్తించదు. అయినా ఒడ్డున ఉన్నవాళ్ళకు అంతకన్నా తక్కువ విశ్రాంతి ఇవ్వడానికి నాకైతే కారణం కనిపించదు.

శిక్షణ రోజులకూ కూలీ ఇవ్వండి. ఇవ్వకపోతే రెండో రోజుకు సగం మంది రారు, వచ్చినవాళ్ళ మనసు కూడా పని మీద ఉండదు.

2. మొదటి గంట: షెడ్డు తిప్పి చూపించండి

చేపను ముట్టుకోకముందే అందరినీ చిన్న గుంపులుగా నడిపించి చూపించాల్సినవి ఇవి.

యంత్రాలు ఆపే ఎర్ర బటన్లు. చూపించి వదిలేయకండి, ప్రతి ఒక్కరితో నొక్కించండి. కన్వేయర్‌లో, ఐసు నలిపే యంత్రంలో ఏదైనా ఇరుక్కుంటే చెయ్యి పెట్టకూడదు. కరెంటు తీసి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాకే బాగుచేయాలి.

అమ్మోనియా. శీతల యంత్రాల్లో అమ్మోనియా వాడే చోట కళ్ళు మండి, ముక్కుకు ఘాటు తగిలితే లీకు ఎక్కడో వెతకడం కొత్తవాళ్ళ పని కాదు. గాలి ఎటునుంచి వీస్తోందో చూసి, ఆ వాసన తమ వైపు రాని దిక్కుకు బయటపడాలి. బయట ఎక్కడ చేరి తలలు లెక్కపెట్టుకోవాలో కూడా అప్పుడే చూపించండి.

మూసి ఉన్న గదులు, పడవ అడుగున చేపల గది. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. కుళ్ళిన చేపల నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. మొదట కుళ్ళిన గుడ్ల వాసన కొడుతుంది, మోతాదు పెరిగితే ముక్కుకు ఆ వాసనే తెలియకుండా పోతుంది. "వాసన పోయింది, ఇక దిగొచ్చు" అనుకోవడమే ప్రాణాంతకం. ఆక్సిజన్ కూడా తగ్గి ఉంటుంది. లోపల ఒకరు పడిపోతే కాపాడబోయి దిగినవాళ్ళు కూడా పోవడం ఈ ప్రమాదాల్లో పదేపదే జరుగుతోంది. కాబట్టి గాలి ఆడించి, మీటరుతో పరీక్షించి, పైన ఒకరిని కాపలా పెట్టేదాకా ఎవరూ దిగకూడదు. ఎవరైనా పడిపోతే కేక వేయాలి, దిగకూడదు. ఈ మాట ప్రతి ఒక్కరి నోటా తిరిగి చెప్పించండి.

క్లీనింగ్ మందులు. క్లోరిన్ మందును యాసిడ్‌తో గానీ అమ్మోనియా ఉన్న మందుతో గానీ కలిపితే విషవాయువు పుడుతుంది. డబ్బాల మీద లేబుళ్ళు చదవగలిగేలా ఉన్నాయో లేదో మీరే ఒకసారి చూడండి.

3. చేతులు, బట్టలు

ఉపన్యాసం వద్దు. చేతులకు అల్ట్రావయొలెట్ వెలుగులో మెరిసే లోషన్ రాయించి, మామూలుగా కడుక్కోమనండి. తర్వాత ఆ టార్చి వేసి చూపించండి. గోళ్ళ సందుల్లో, బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర మెరుస్తూనే ఉంటుంది. లోషన్ దొరక్కపోతే నీటిలో కరిగే రంగు రాసి, కళ్ళు మూసుకుని కడుక్కోమనండి. ఒక్కసారి చూశాక ఎవరికీ మళ్ళీ చెప్పక్కర్లేదు.

గ్లౌజులు ఉన్నాయి కదా అని చేతులు కడగడం మానేస్తారు, ఆ అలవాటు మొదటిరోజే తుంచండి. ఉంగరాలు, గాజులు, వాచీలు బయటే ఉండాలి. వాంతులు, విరేచనాలు ఉన్నవాళ్ళు ఆ రోజు చేపను తాకకూడదు. ఆ రోజు కూలీ కోస్తారని తెలిస్తే మాత్రం ఎవరూ చెప్పరు. దానికి ముందే ఒక దారి ఆలోచించి పెట్టండి.

4. ఐసు

కొత్తవాళ్ళు తేలిక పని అనుకునేది ఇదే, సరుకు పాడయ్యేది కూడా ఎక్కువగా ఇక్కడే. చల్లటి నీళ్ళలో పెరిగే చేప 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నప్పటి కంటే 5 డిగ్రీల దగ్గర రెండింతలకు పైగా, 10 డిగ్రీల దగ్గర సుమారు నాలుగింతల వేగంతో పాడవుతుంది. సిద్ధాంతం ఇంత చాలు. ఇక చేయించండి:

- క్రేటు అడుగున ఐసు, దాని మీద చేపల వరస, మళ్ళీ ఐసు. పైన మాత్రమే ఐసు చల్లితే అడుగు చేపలు వెచ్చగానే ఉంటాయి.
- వేడి వాతావరణంలో చేపల బరువుకు సమానంగా ఐసు. పొదుపు చేయాల్సిన చోటు ఇది కాదు.
- పేగులు తీసిన చేపను పొట్ట కిందికి ఉండేలా పెట్టాలి, లోపల నీరు నిలవదు.
- పెద్ద ఐసు గడ్డలు మాంసాన్ని నలిపేస్తాయి. చూర చేసి వేయాలి.
- క్రేటు అంచు దాటి నింపకూడదు. నింపితే పై క్రేటు బరువు కింది క్రేటు అంచు మీద కాదు, చేపల మీద పడుతుంది.
- అడుగున నీరు పోయే రంధ్రాలు మూసుకుపోలేదని చూడాలి.

ట్యూనా, మాకెరెల్, సార్డిన్ లాంటి చేపలైతే మరింత గట్టిగా చెప్పండి. అవి వెచ్చబడితే మాంసంలో హిస్టమిన్ పేరుకుంటుంది. తర్వాత వండినా, గడ్డకట్టించినా అది పోదు. చూడటానికి, వాసనకు బాగానే ఉండి తిన్నవాళ్ళకు దద్దుర్లు, తలనొప్పి తెప్పిస్తుంది. "ఇప్పుడు ఎండలో ఉంచి తర్వాత ఫ్రీజర్‌లో పెడితే సరిపోతుంది" అనే మాట ఎవరి నోటా రాకూడదు.

థర్మామీటర్ వాడటం ప్రతి బల్ల దగ్గరా కనీసం ఇద్దరికి నేర్పండి. ఐసు చూర, కొంచెం నీళ్ళు కలిపిన గ్లాసులో ముంచితే 0 చూపించాలి. చూపించకపోతే ఆ థర్మామీటర్ పక్కన పెట్టండి. చేపలో మొనను మాంసం మందంగా ఉన్న చోట, వెన్నెముక దగ్గరికి గుచ్చాలి. పైపైన గుచ్చితే ఐసు చల్లదనమే చూపిస్తుంది.

5. కత్తి

రెండో రోజు పొద్దున మొదలుపెట్టండి, అలసిపోయిన సాయంత్రం కాదు.

కత్తి పదునుగా ఉందో లేదో బొటనవేలితో చూడనివ్వకండి, కాగితం ముక్క కోసి చూడాలి. మొద్దు కత్తికి బలం పెట్టాలి, బలం పెట్టిన చెయ్యే జారుతుంది. కత్తి కింద పడితే పట్టుకోబోకూడదు, కాళ్ళు వెనక్కి తీసుకుని పడనివ్వాలి. నీళ్ళున్న తొట్టిలో కత్తి వదలకూడదు. చేతికి అందించకూడదు, బల్ల మీద పెడితే వాళ్ళే తీసుకోవాలి. రెండో చేతికి కోత తగలని గ్లౌజు తప్పనిసరి. ఆ గ్లౌజు కోతను ఆపుతుందే గానీ కత్తి మొననూ, చేప ముల్లునూ ఆపదని కూడా చెప్పండి.

ఫిల్లెట్, అంటే వెన్నెముక నుంచి విడదీసిన మాంసం ముక్క, కోయించేటప్పుడు కళ్ళతో పాటు చెవులనూ వాడమనండి. మొప్ప వెనక ఏటవాలుగా వెన్నెముక దాకా దించి, కత్తిని పడుకోబెట్టి, వెన్నుకు ఆనించి తోక వైపు లాగాలి. కత్తి సరిగ్గా ఆని ఉంటే ముళ్ళ మీద నడుస్తూ టిక్ టిక్ మని సన్నగా వినిపిస్తుంది. ఏమీ వినిపించలేదంటే కత్తి పైకి లేచింది, మాంసం ముల్లుకే ఉండిపోతోంది. భయంతో కత్తిని పైకెత్తడం కొత్తవాళ్ళందరూ చేసేదే. "కిందికి ఆనించు" అని అరిచే బదులు, మీ చెయ్యి వాళ్ళ చేతి మీద పెట్టి ఒక్కసారి లాగి ఆ చప్పుడు వినిపించండి.

పేగులు తీసే పనైతే పిత్తం సంచి చూపించండి. అది పగిలితే ఆకుపచ్చ మరక, చేదు. మొన లోతుగా దించితేనే పగులుతుంది. కత్తి పదును పైకి ఉంచి, చర్మాన్ని మాత్రమే చీలిస్తే లోపలివి చెక్కుచెదరవు.

6. ఒక మనిషికి ఒక్క పని, నాలుగు అంచెల్లో

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లో కొత్తవాళ్ళకు త్వరగా పని నేర్పడానికి వాడిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. మనిషిని కుదురుగా కూర్చోబెట్టడం, చేసి చూపించడం, చేయించడం, తర్వాత వచ్చి చూడటం.

చేయించడం దగ్గరే చాలామంది తొందరపడతారు. మొదటిసారి మాటల్లేకుండా చేయనివ్వండి, తప్పు చేస్తే అక్కడే ఆపి సరిచేయండి. రెండోసారి చేస్తూ ఏం చేస్తున్నారో చెప్పమనండి. మూడోసారి ఎందుకలా చేస్తున్నారో చెప్పమనండి. "అర్థమైందా?" అని మాత్రం అడగకండి. కొత్త చోట, కొత్త మేస్త్రీ ముందు, అందరూ "అర్థమైంది" అనే అంటారు.

భాష తెలియనివాళ్ళుంటే ఈ పద్ధతి ఇంకా బాగా నడుస్తుంది. సరైన ముక్క, తప్పు ముక్క రెండూ ఫోటో తీసి బల్ల ఎదురుగా అతికించండి. "ఆపు", "ప్రమాదం", "గాయమైంది" అనే మాటలు మాత్రం అందరికీ ఒకే భాషలో వచ్చి తీరాలి.

ఒకే రోజు టైం ఉంటే కత్తి పని కొత్తవాళ్ళకు ఇవ్వకండి. పైన 2, 3, 4 అంకెల కింద చెప్పినవి నేర్పి, ఐసు, కడగడం, గ్రేడింగ్ (సైజు, నాణ్యత చూసి వేరుచేయడం), ప్యాకింగ్ దగ్గర పెట్టండి. పాతవాళ్ళను కోతకు జరపండి.

7. మొదటి పెద్ద రోజు

మొదటి రెండు మూడు రోజులు కొత్తవాళ్ళకు ముక్కల లెక్కన కూలీ పెట్టకండి. రోజు కూలీ ఇవ్వండి. లెక్క పెడితే మీరు నేర్పినదంతా గంటలో గాలికి పోతుంది. కొత్తవాళ్ళను పాతవాళ్ళ మధ్యలో నిలబెట్టండి, బల్ల చివర ఒక్కచోట కుప్పగా కాదు. రెండు గంటలకోసారి పని మార్చండి. ఒకే కదలిక గంటల తరబడి చేస్తే మణికట్టు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. చలికి మొద్దుబారిన చేతికి కత్తి తగిలినా వెంటనే తెలియదు. చేతులు వెచ్చబెట్టుకునే చోటు దగ్గర్లోనే ఉండాలి.

8. గాయం, దగ్గు, నొప్పి

చేప ముల్లు గుచ్చుకుంటే చిన్నదే అని తుడిచేసుకుంటారు. వెంటనే సబ్బుతో కడిగి, ప్లాస్టర్ వేసి, గాయాల కోసం విడిగా పెట్టిన పుస్తకంలో రాయాలి. ఆ తర్వాత అక్కడ ఎర్రగా, ఊదా రంగుగా వాచి మండుతుంటే డాక్టరు దగ్గరికి పంపండి, చేపల పని అని డాక్టరుకు చెప్పమనండి. ఎరిసిపెలోథ్రిక్స్, విబ్రియో లాంటి బ్యాక్టీరియా ఇలాగే లోపలికి వెళ్తాయి. కాలేయం జబ్బు ఉన్నవాళ్ళకు విబ్రియో ప్రాణం మీదకు తేవచ్చు.

పీతలు, రొయ్యల షెడ్లలో మరొకటి గమనించండి. పనిలో ఉన్నప్పుడు దగ్గు, కళ్ళ దురద, ఆయాసం వచ్చి, సెలవు రోజున తగ్గిపోతే అది మామూలు జలుబు కాకపోవచ్చు. గాలిలో తేలే తుంపరల వల్ల ఉబ్బసం పట్టుకుంటుంది. పైపుతో గట్టిగా కొట్టి కడగడం తగ్గించి, గాలి బయటికి పోయే ఏర్పాటు చేసి, ఆ మనిషిని డాక్టరుకు చూపించి వేరే పనికి మార్చండి.

తరచుగా జరిగే తప్పులు

పాతవాళ్ళను శిక్షణకు పిలవకపోవడం అన్నిటికంటే పెద్దది. కిందటి సీజన్‌లో చేసినవాళ్ళు చాలా నెలలు కత్తి పట్టి ఉండరు, ఈలోగా మీరు యంత్రమో మందో మార్చి ఉంటారు. పూర్తి మూడు రోజులు అక్కర్లేదు, పైన 2వ అంకె కింద చెప్పినట్టు షెడ్డు తిప్పి చూపించడం, కత్తి పరీక్ష చాలు.

ఒకే రోజున అన్ని పనులూ చూపించడం ఇంకొకటి. వీడియో వేసి శిక్షణ అయిపోయిందనుకోవడం కూడా అంతే. వీడియో చూసినవాళ్ళకు పని గురించి తెలుస్తుంది, పని చేతికి రాదు. ఆలస్యంగా వచ్చి చేరినవాళ్ళను నేరుగా బల్ల దగ్గరికి తోసేయడం మాత్రం అసలు చేయకండి. వాళ్ళ కోసం ఒక అరపూట, రెండు క్రేట్ల చేపలు ముందే విడిగా ఉంచుకోండి.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

తూకం వేయండి. ఒకే రకం, ఒకే సైజు చేపలు పది కిలోలు చేయి తిరిగినవాళ్ళకు, పది కిలోలు కొత్తవాళ్ళకు ఇవ్వండి. ఉదాహరణకు పాత చెయ్యి 4.5 కిలోల ఫిల్లెట్ తీస్తే, కొత్త చెయ్యి 3.9 తీసిందనుకుందాం. ఆ 600 గ్రాములు ముళ్ళకు అంటుకుని చెత్త తొట్టిలో ఉంటాయి. తొట్టిలోంచి ఒక ముల్లు తీసి వాళ్ళకే చూపించండి, ఎక్కడ కత్తి లేచిందో దాని మీదే కనిపిస్తుంది. రెండు రోజులాగి మళ్ళీ తూచండి. తేడా తగ్గుతుంటే వదిలేయండి. తగ్గకపోతే ముందు కత్తి పదును చూడండి, ఆ తర్వాతే మనిషిని.

ఐసు విషయంలో క్రేట్ల దొంతరలో మధ్య క్రేటు లాగి, అందులో అడుగు చేపకు థర్మామీటర్ గుచ్చండి. పై చేప ఎప్పుడూ చల్లగానే ఉంటుంది.

భద్రత విషయంలో ముందుగా చెప్పకుండా ఒక రోజు దగ్గరికి వెళ్ళి "ఈ యంత్రం ఇప్పుడు ఆపు" అనండి. బటన్ కోసం వెతికితే రాలేదన్నమాట. మళ్ళీ నేర్పండి, తిట్టకండి.

గాయాల పుస్తకం ఖాళీగా ఉంటే సంతోషపడకండి. కత్తులు పట్టే చోట వారమంతా చిన్న గీతైనా పడలేదంటే చెప్పడానికి భయపడుతున్నారని అర్థం. ఆ బల్ల మేస్త్రీతో మాట్లాడండి.

సీజన్ చివరి రోజున, కూలీ లెక్క చూసి ఇచ్చేటప్పుడే, ఎవరికి ఏ పని బాగా వచ్చిందో ఆ నోటు పుస్తకంలో రాసుకుని, దానితో ఒక చిన్న ధ్రువపత్రం ఇవ్వండి. వచ్చే ఏడాది వాళ్ళు మీ దగ్గరికే వస్తే మీకు ఒక రోజు శిక్షణ మిగులుతుంది, వేరే షెడ్డుకు వెళ్ళినా వాళ్ళను మళ్ళీ మొదటి మెట్టు మీద నిలబెట్టకుండా ఆ కాగితం కాపాడుతుంది.